పీహెచ్‌డీ మధ్యలో ఆపినోళ్ళది కూడా చరిత్రే

పోస్ట్ కొంచెం పెద్దది. రాత్రి మెస్ అయిపోయాక తీరిగ్గా చదవండి.

"ఆయన పీహెచ్‌డీ వదిలేసి వచ్చాడంట." ఈ మాట మన హాస్టళ్ళలో ఏ గొంతుతో అంటారో మీకు తెలుసు. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "సీటు దండగ చేశాడు, వేరేవాళ్ళకన్నా వచ్చేది." ఒక్కోసారి మూడో మాట కూడా వస్తుంది: "మనోళ్ళకి అంత పెద్ద చదువు ఎక్కడ వస్తుందిలే." ఈ మూడో మాట బయటోళ్ళు అంటే కోపం వస్తుంది. మనోళ్ళే అంటుంటే ఏం చెయ్యాలో తెలియదు.

నేను డిగ్రీలో చరిత్ర చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పీహెచ్‌డీ నాకు ఇంకా చాలా దూరం. కానీ మా హాస్టల్లో ఉండి పైకి చదవడానికి పోయిన ఒక అన్న నాలుగేళ్ళు చేసి ఆపేశాడు. ఆయన తెలివి గురించి మాకెవరికీ అనుమానం లేదు, మాకు లెక్కలూ ఇంగ్లీషూ చెప్పింది ఆయనే. మరి ఎందుకు ఆగిపోయింది? ఈ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలో కూర్చుంటే తెలిసింది ఏంటంటే, ఇది ఒక్క మన ప్రశ్న కాదు. ఈ డిగ్రీ పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్న. చాలా పెద్ద పెద్దవాళ్ళు కూడా మధ్యలో ఆగినవాళ్ళే.

ఈ డిగ్రీ ఎవరి కోసం తయారైంది

డాక్టర్ అనే బిరుదు యూరప్‌లో చాలా పాతది. కానీ ఒక గురువు కింద కొన్నేళ్ళు సొంతంగా పరిశోధన చేసి, కొత్త విషయం కనిపెట్టి, దాన్ని పుస్తకంగా రాసి నిరూపించుకోవడం అనే పద్ధతి 19వ శతాబ్దపు జర్మనీలో గట్టిపడింది. 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం దానికి నమూనా అయింది. అమెరికా వాళ్ళు అక్కడికి పోయి చదువుకుని వచ్చి తమ దగ్గర కూడా పెట్టుకున్నారు. అమెరికాలో మొదటి పీహెచ్‌డీలు ఇచ్చింది యేల్, 1861లో, ముగ్గురికి. మన దేశంలో 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పెట్టారు గానీ మొదట్లో అవి పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చేవే. అందుకే చాలాకాలం పెద్ద డిగ్రీ కావాలంటే ఓడ ఎక్కాల్సిందే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. డిగ్రీ, ఎంఏ అంటే సిలబస్ ఉంటుంది, పరీక్ష తేదీ ఉంటుంది, క్లాసులో పక్కన యాభై మంది ఉంటారు. పీహెచ్‌డీకి కోర్సు వర్క్ దాటాక ఇవేవీ ఉండవు. దానికి కావాల్సినవి మూడు: ఏళ్ళకేళ్ళు కాలం, ఆ కాలమంతా బతకడానికి డబ్బు, చివర్లో "ఇది బాగుంది" అని సంతకం పెట్టే ఒక మనిషి. ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్ళకి మొదటి రెండూ పుట్టుకతోనే వస్తాయి. తండ్రో మామో ప్రొఫెసర్ అయితే మూడోదానితో ఎట్లా మాట్లాడాలో కూడా ఇంట్లోనే తెలిసిపోతుంది. ఈ మూడూ లేనివాళ్ళు ఈ డిగ్రీ దగ్గరికి పోయినప్పుడు ఏం జరిగింది అన్నదే నేను చెప్పాలనుకున్న చరిత్ర.

బెర్లిన్ నుంచి పట్టా లేకుండా తిరిగొచ్చిన మనిషి

డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. అమెరికాలో నల్లజాతి వాళ్ళ హక్కుల కోసం జీవితమంతా కొట్లాడిన పండితుడు. 1868లో పుట్టాడు. హార్వర్డ్‌లో చదువుతూ బెర్లిన్ పోవాలని ఆశపడ్డాడు. నల్లజాతి చదువుల కోసం పెట్టిన స్లేటర్ ఫండ్ అనే సంస్థకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. దాని అధ్యక్షుడు మాజీ అమెరికా అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్. పట్టు వదలకుండా రాస్తే చివరికి డబ్బు మంజూరైంది, అదీ సగం గ్రాంటు, సగం అప్పు.

1892లో బెర్లిన్ చేరాడు. అక్కడ గుస్తావ్ ష్మోలర్ అనే పెద్ద ఆర్థికవేత్త దగ్గర అమెరికా దక్షిణాది వ్యవసాయం మీద థీసిస్ రాశాడు. గురువుకి నచ్చింది. కానీ అక్కడ రూలు ఏంటంటే, డాక్టరేట్ పరీక్షకి కూర్చోవాలంటే ఇన్ని సెమిస్టర్లు అక్కడ చదివి ఉండాలి. ఆయనకి అన్ని నిండలేదు. గురువు ఆయన పక్షాన మాట్లాడినా మినహాయింపు రాలేదు. ఇంకొంత కాలం ఉండటానికి డబ్బు ఇమ్మని ఫండ్‌ని అడిగితే ఇవ్వలేదు. 1894లో పట్టా లేకుండానే ఓడ ఎక్కాడు.

ఆలోచించండి. థీసిస్ ఉంది, గురువు మెచ్చుకున్నాడు, తెలివికి లోటు లేదు. ఆగింది కాలం దగ్గర, డబ్బు దగ్గర. అప్పట్లో ఏ ఊళ్ళోనో ఎవరో ఒకరు "బెర్లిన్ పోయి ఊరికే వచ్చాడంట" అనే ఉంటారు.

ఆయన మాత్రం ఆగలేదు. మరుసటి ఏడాది, 1895లో, హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. అక్కడ ఆ డిగ్రీ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే. బెర్లిన్ వాళ్ళు? 1958లో, ఆయనకి 90 ఏళ్ళ వయసులో, పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. 64 ఏళ్ళు ఆలస్యంగా.

అంబేద్కర్ గారి చదువు మధ్యలో ఆగిన ఏళ్ళు

బాబాసాహెబ్ డిగ్రీల లిస్టు మనం ప్రతి ఏప్రిల్ 14న బ్యానర్ మీద రాస్తాం. ఆ లిస్టులో ఒక్కో డిగ్రీకీ మధ్య ఎన్నేళ్ళు ఖాళీ ఉందో, ఆ ఖాళీలో ఏం జరిగిందో మాత్రం బ్యానర్ మీద ఉండదు.

1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా చేరారు. నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళకి. తిరిగొచ్చాక బరోడా సంస్థానంలో పదేళ్ళు పనిచేయాలని షరతు. 1915లో ఎంఏ అయింది. 1916లో లండన్ పోయి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు, పక్కనే గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రం. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు సగంలో ఉంది. తిరిగి రావాల్సి వచ్చింది.

ప్రపంచ యుద్ధం రోజులు అవి. ఆయన ఒక ఓడలో వచ్చారు, పుస్తకాలూ సామానూ వేరే ఓడలో పంపారు. ఆ సామాను ఓడ టార్పెడో దెబ్బకి మునిగిపోయింది. బరోడాలో ఉద్యోగం ఇచ్చారు గానీ ఉండటానికి ఇల్లు ఇచ్చినవాళ్ళు లేరు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, విషయం తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి బరోడాలో ఒక పార్కులో దుఃఖంతో కూర్చున్నారు. ఇది ఆయనే రాసుకున్న విషయం.

ఇప్పుడు 1917 దగ్గర ఆగి చూడండి. కొలంబియా పీహెచ్‌డీ చేతికి రాలేదు. లండన్ చదువు పూర్తి కాలేదు. పుస్తకాలు సముద్రంలో పోయాయి. ఉద్యోగం పోయింది. ఇప్పటి లెక్కలో ఆయన్ని ఏమంటారు? డ్రాపవుట్ అంటారు.

మరి ఎట్లా పూర్తయింది? నాకు కనిపించినవి మూడు. ఒకటి, లండన్ వాళ్ళు తలుపు మూయలేదు. నాలుగేళ్ళ లోపు తిరిగొచ్చి చదువు కొనసాగించవచ్చని అనుమతి ఇచ్చారు. రెండు, డబ్బు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నారు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు, స్నేహితుడు నావల్ భతేనా అప్పు ఇచ్చారు. మూడు, ఇల్లు. ఆయన దూరంగా ఉన్న ఏళ్ళన్నీ బొంబాయిలో లేమితో ఆ ఇంటిని మోసింది రమాబాయి గారు. డిగ్రీ కాగితం మీద ఆమె పేరు లేదు.

1920లో మళ్ళీ లండన్ పోయారు. 1921లో ఎంఎస్సీ వచ్చింది. రూపాయి సమస్య మీద డీఎస్సీ థీసిస్ ఇస్తే పరీక్షకులు మొదట ఒప్పుకోలేదు, మార్చి రాయమన్నారు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఇండియా వచ్చేశారు. ఇక్కడి నుంచే దిద్ది పంపితే 1923లో డీఎస్సీ వచ్చింది. ఇక కొలంబియాలో థీసిస్‌ని అచ్చు వేసి ఇస్తేగానీ పట్టా ఇవ్వరు. అది 1925లో పుస్తకంగా వచ్చాక 1927లో పీహెచ్‌డీ ఇచ్చారు. 1913లో మొదలైన చదువు, 14 ఏళ్ళు.

ఆ 14 ఏళ్ళలో ఆయన తెలివి ఎప్పుడూ తగ్గలేదు. తగ్గింది డబ్బు, అయిపోయింది గడువు. అందుకే పూర్తి చేయడం, ఆపేయడం అన్నది తెలివి పరీక్ష కాదు అని నేను గట్టిగా అంటున్నాను.

లెక్కలు వేసినవాళ్ళు ఏం చూశారు

ఇద్దరు గొప్పవాళ్ళ కథలతో అందరి సంగతీ తేల్చకూడదు, నిజమే. అమెరికాలో దీన్ని లెక్కలతో చూసినవాళ్ళు ఉన్నారు. 1992లో విలియం బోవెన్, నీల్ రుడెన్‌స్టైన్ ఇద్దరూ కలిసి పీహెచ్‌డీ చదువుల మీద పెద్ద పుస్తకం రాశారు. ఒకరు ప్రిన్స్‌టన్‌కి అధ్యక్షుడిగా చేసినవారు, ఇంకొకరు అప్పుడు హార్వర్డ్ అధ్యక్షుడు. తర్వాత అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ళ మండలి చాలా విశ్వవిద్యాలయాల లెక్కలు తీసింది. చేరినవాళ్ళలో పదేళ్ళ లోపు పూర్తి చేసింది 57 శాతమే. ఇంజినీరింగ్‌లో 64 శాతం దాకా ఉంటే, సాహిత్యం, చరిత్ర లాంటి మానవీయ శాస్త్రాల్లో 49 శాతం. అంటే డబ్బున్న దేశంలో, పేరున్న విశ్వవిద్యాలయాల్లో కూడా చరిత్ర పీహెచ్‌డీలో చేరినవాళ్ళలో సగం మంది పదేళ్ళకి కూడా బయటపడలేదు.

సైన్స్‌కీ మనకీ ఈ తేడా ఎందుకు? సైన్స్‌లో ల్యాబ్ ఉంటుంది. పొద్దున పోతే గైడ్ కనపడతాడు, సీనియర్ పక్కనే ఉంటాడు, ప్రయోగం చెడిపోతే నలుగురికీ తెలుస్తుంది. చరిత్ర, సాహిత్యం వాళ్ళు ఒంటరిగా లైబ్రరీలో కూర్చుంటారు. ఆరు నెలలు ఒక్క పేజీ రాయకపోయినా అడిగేవాళ్ళు ఉండరు.

2001లో బార్బరా లోవిట్స్ అనే పరిశోధకురాలు మధ్యలో వదిలేసినవాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడి పుస్తకం రాసింది. ఆమె చూసిన మొదటి సంగతి: పూర్తి చేసినవాళ్ళకీ వదిలేసినవాళ్ళకీ డిగ్రీలో వచ్చిన మార్కులు దాదాపు సమానం. రెండోది: డిపార్ట్‌మెంట్‌లో కూర్చోవడానికి ఒక చోటు, నలుగురితో కలిసి చేసే పని ఉన్నవాళ్ళు ఎక్కువగా నిలబడ్డారు. మూడోది నన్ను చాలా కుదిపింది. వదిలేసేవాళ్ళు చాలామంది చప్పుడు చేయకుండా వెళ్ళిపోతారు. తప్పు తమదే అనుకుంటారు. మిగతావాళ్ళంతా బాగానే ఉన్నారు, నాకొక్కడికే అర్థం కావడం లేదు అని ప్రతి ఒక్కరూ లోపల అనుకుంటారు. ప్రొఫెసర్లు కూడా వాడికి శక్తి లేదు అనుకుంటారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. దాంతో ఆ చోటు మారదు, మళ్ళీ ఇంకొకరు వస్తారు, మళ్ళీ పోతారు.

ఇది చదివినప్పుడు మా అన్న గుర్తొచ్చాడు. నాలుగేళ్ళలో ఆయన కష్టం మాకెవరికీ చెప్పలేదు. ఆయన గైడ్ రిటైర్ అయ్యాడని, కొత్త గైడ్ టాపిక్ మొత్తం మార్చమన్నాడని, ఫెలోషిప్ నెలల తరబడి రాక మెస్ బాకీ పెరిగిందని అంతా అయిపోయాక తెలిసింది. అదే టైమ్‌లో గురుకులంలో టీచర్ పోస్టు వచ్చింది. ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఉంది. చేరిపోయాడు. దాన్ని ఓటమి అనాలా? ఇప్పుడు ఆయన క్లాసులో మన పిల్లలే కూర్చుంటున్నారు.

మన దగ్గర సంగతి

మన దేశంలో ఎస్సీ, ఎస్టీ పరిశోధక విద్యార్థులకి రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ 2005-06లో మొదలైంది. ఎస్టీలకి అదే తర్వాత నేషనల్ ఫెలోషిప్‌గా గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద నడుస్తోంది. ఏడాదికి దేశం మొత్తం మీద 750 మందికి. ఇది లేకపోతే మనలో చాలామంది పీహెచ్‌డీ మాటే ఎత్తేవాళ్ళు కాదు. దాన్ని చిన్నచూపు చూడొద్దు.

కానీ ఫెలోషిప్ మంజూరు కావడం వేరు, నెల నెలా చేతికి రావడం వేరు. ఇంట్లో జీతగాళ్ళు ఉన్నవాడికి నాలుగు నెలలు ఆలస్యమైతే చిరాకు. పోడు మీద బతికే ఇంటి నుంచి వచ్చినోడికి నాలుగు నెలలు ఆలస్యమైతే చదువే ఆగిపోతుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనం రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. ఆయన చివరి ఉత్తరంలో తనకి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ ఇంటివాళ్ళకి అందేలా చూడమని ఉంది. అక్కడ సస్పెన్షన్, రాజకీయం, కులం అన్నీ ఉన్నాయి, ఒక్క డబ్బు సంగతే కాదు. కానీ అంత బాధలో కూడా ఆ బకాయి లెక్క రాయాల్సి వచ్చిందంటే, మన చదువులో ఫెలోషిప్ అంటే ఏంటో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక గడువు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. ఆ తర్వాత రెండేళ్ళు పొడిగింపు ఇవ్వవచ్చు, ఆడవాళ్ళకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంకో రెండేళ్ళు. కానీ ఫెలోషిప్ ఐదేళ్ళకే. థీసిస్ రాసేది చివర్లోనే కదా, డబ్బు ఆగేది కూడా అప్పుడే. బెర్లిన్‌లో డుబోయ్స్‌కి జరిగింది ఇదే. లండన్‌లో అంబేద్కర్ గారికి జరిగింది ఇదే.

భాష సంగతి ఇంకోటి. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, కాలేజీలో ఇంగ్లీషులో పడ్డవాళ్ళం. థీసిస్ మనకి మూడో భాషలో రాయాలి. మనకి విషయం తెలియక కాదు, వాక్యం కుదరక ఆగుతాం. బయటి నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనపడతాయి.

పూర్తి చేయడం ఎందుకు ముఖ్యం

ఆపినవాళ్ళని తప్పు పట్టొద్దు అంటున్నాను గానీ, పూర్తి చేయకపోయినా పర్వాలేదు అనడం లేదు. ఎందుకంటే మన చరిత్ర ఇప్పటిదాకా చాలావరకు వేరేవాళ్ళు రాసిందే. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు రాసింది హైమెన్‌డార్ఫ్. వియన్నాలో డాక్టరేట్ చేసి వచ్చినవాడు. మార్లవాయిలో ఉండి, గోండి పిల్లలకి బడులు పెట్టించి మేలు చేశాడు, అక్కడివాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అయినా ఆ పుస్తకాల్లో మనం సమాధానం చెప్పేవాళ్ళం, ప్రశ్న అడిగేవాళ్ళం కాదు.

ప్రశ్న అడిగే కుర్చీలో మనోడు కూర్చుంటే ఏమవుతుందో జార్ఖండ్‌లో చూడొచ్చు. రామ్‌దయాళ్ ముండా గారు రాంచీ దగ్గర పల్లెలో పుట్టి, చికాగో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తి చేసి, అమెరికాలోనే మిన్నెసోటాలో పాఠాలు చెప్పారు. 1980లలో అది వదిలి వచ్చి రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన, ప్రాంతీయ భాషల విభాగాన్ని నిలబెట్టారు, వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ముండారి, సంతాలీ, కుడుఖ్ భాషల్లో పిల్లలు ఎంఏలు చేశారు. ఒక మనిషి పూర్తి చేసిన పీహెచ్‌డీ ఎంతమందికి తలుపు తీసిందో చూడండి.

చేరేవాళ్ళు అడగాల్సినవి

ఈ చరిత్ర నుంచి నాకు అర్థమైనంతలో, చేరబోయే అక్కలూ అన్నలూ ముందే అడిగి తెలుసుకోవాల్సినవి రాస్తున్నాను.

గైడ్ ఎప్పుడు రిటైర్ అవుతారు? ఆయన దగ్గర ఇదివరకు చేరినవాళ్ళు ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమంది ఆపేశారు? ఆపేసినవాళ్ళని తప్పకుండా కలవండి. నిజం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఫెలోషిప్ మొదటి డబ్బు చేతికి రావడానికి ఆ యూనివర్సిటీలో మామూలుగా ఎన్ని నెలలు పడుతోంది? ఆ నెలల మెస్ సంగతేంటి?

డిపార్ట్‌మెంట్‌లో కూర్చోవడానికి ఒక బల్ల ఇస్తారా? చిన్న విషయంలా ఉంటుంది, కాదు.

మధ్యలో ఉద్యోగం వస్తే పార్ట్ టైమ్‌కి మారవచ్చా, మళ్ళీ వచ్చి పూర్తి చేయవచ్చా? ఆ అనుమతి కాగితం మీద తీసుకోండి, నోటి మాట మీద ఆగకండి. అంబేద్కర్ గారిని కాపాడింది ఆ నాలుగేళ్ళ అనుమతే.

ఇక మనం, బయట ఉన్నవాళ్ళం చేయగలిగింది కూడా ఉంది. పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఊరికి వస్తే "ఎప్పుడు అయిపోతుంది?" అని అడగడం మానేసి "ఏం రాస్తున్నావ్ అక్కా, చెప్పు" అని అడుగుదాం. ఫెలోషిప్ ఆగిన నెలల్లో మెస్ బాకీకి ఇంత అని యూత్ తరఫున జమ చేద్దాం. షాహూ మహారాజ్ మనకి లేకపోవచ్చు, నావల్ భతేనా లాంటి స్నేహితులు కావడానికి మహారాజులం కానక్కర్లేదు.

ఆపేసి వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని ఎందుకు ఆగిందో రాసుకుందాం. పేర్లు వద్దు. ఏ ఏడాది చేరారు, ఏ సబ్జెక్టు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. ఐటీడీఏ వాళ్ళ దగ్గరికో, యూనివర్సిటీ ఎస్సీ ఎస్టీ సెల్ దగ్గరికో పోయి మాట్లాడాలంటే చేతిలో ఆ కాగితాలు ఉండాలి. మా మండలం నుంచి నేను మొదలుపెట్టాను, ఇప్పటికి ముగ్గురు దొరికారు. మీ వైపు ఎవరైనా ఉంటే వాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటేనే నాకు చెప్పండి.

జోహార్.